జీపు పాతది, ఇంజిన్ మ్యాటడోర్‌ది

మా రఘునాథపల్లి తొవ్వ మీద పెట్రోలు జీపు చప్పుడు వినపడక చాలా ఏండ్లయింది. దాని తర్వాత వచ్చిన చప్పుడు, అంటే పాత జీపు కడుపులో కొత్త డీజిలు ఇంజిన్ కొట్టుకునే చప్పుడు, అది కూడా పోయింది. మొదటిది పోయిందని బాధపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత జీపులు కొని, రంగులు వేయించి, ఆదివారాలు బయటికి తీసేవాళ్లను హైదరాబాద్‌లో చూస్తాం. రెండోదాన్ని తలుచుకునేవాళ్లు నాకు కనపడలేదు. అది ఏ కంపెనీ తయారు చేసిందీ కాదు, ఏ కేటలాగులోనూ ఉండదు. జనగామలోనో, వరంగల్‌లోనో ఒక రేకుల షెడ్డులో, ఒక ఉస్తాద్ చేతిలో పుట్టిన బండి అది. నా చిన్నతనం అంతా ఆ బండి మీదనే గడిచింది కాబట్టి దాని సంగతి రాసిపెట్టాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను.

జనగామకూ స్టేషన్ ఘన్‌పూర్‌కూ మధ్య, హైదరాబాద్ – వరంగల్ రోడ్డు మీద ఉంటుంది రఘునాథపల్లి. పక్కనే కాజీపేట – సికింద్రాబాద్ రైలు పట్టాలు. ఆ పట్టాల మీద బొగ్గు ఇంజిన్లు పోయి డీజిలు ఇంజిన్లు, డీజిలు పోయి కరెంటు ఇంజిన్లు వచ్చాయి. రైలు మారితే ఊరంతా చూసింది. జీపులో ఇంజిన్ మారితే ఆ ఇంటివాళ్లకు, కిరాయికి ఎక్కేవాళ్లకు మాత్రమే తెలిసింది. పెద్ద రోడ్డు మీద బస్సులు తిరిగేవి కానీ ఖిలాషాపూర్ వంటి లోపలి ఊళ్లవాళ్లకు ఏ పని పడ్డా జీపే దిక్కు. సర్వాయి పాపన్న కోట ఉన్న ఖిలాషాపూర్‌కు పోయే తొవ్వ వానకాలంలో ఎట్లుండేదో ఆనాటివాళ్లను అడిగితే చెప్తారు.

మా చిన్నాయిన కొన్నది ఒకప్పటి సమితి జీపు. 1959 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు మొదలైనప్పటి నుంచి బీడీవోల కింద జీపులు ఉండేవి. ఊళ్లోకి జీపు వచ్చిందంటే ప్రభుత్వం వచ్చినట్టే లెక్క. 1980ల నడుమ సమితులు పోయి మండలాలు వచ్చాయి. పాత జీపులు వేలానికి వచ్చాయి. వేలంలో ఒకరు పాడుకున్నదాన్ని చిన్నాయిన వాళ్ల దగ్గర కొన్నాడు. వెనక సీట్లు పీకేసి, బాడీ కోయించి, ఇనుప రేకుతో తొట్టి కట్టించాడు. అప్పటికి మా దిక్కు పికప్ అనే మాట లేదు. "జీపు ట్రాలీ" అనేవాళ్లం.

అది ఎత్తు బానెట్టు జీపు, మహీంద్రా సీజే-3బీ. 1940ల చివర విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బొంబాయిలో బిగించడంతో మహీంద్రా కంపెనీ బండ్ల తయారీలోకి వచ్చింది. ఆ ఎత్తు బానెట్టుకు ఒక కథ ఉంది. అమెరికాలో విల్లీస్ వాళ్ల పాత జీపు ఇంజిన్ 60 హార్స్‌పవర్‌ది, వాల్వులన్నీ బ్లాకులోనే ఉండేవి. తర్వాత హరికేన్ అనే కొత్త ఇంజిన్ చేశారు. సైజు అదే 2.2 లీటర్లు. కానీ గాలి లోపలికి వచ్చే వాల్వు హెడ్డులోకి ఎక్కింది, పొగ బయటికి పోయే వాల్వు బ్లాకులోనే ఉంది. శక్తి 70 దాటింది, ఎత్తు కూడా పెరిగింది. పాత బానెట్టు కింద అది పట్టలేదు. బండి మొత్తం కొత్తగా గీయకుండా గ్రిల్లునూ బానెట్టునూ పైకి లేపి 1953లో సీజే-3బీ అని అమ్మారు. అంటే మన ఊళ్లలో తిరిగిన ఆ జీపే పాత బండిలో కొత్త ఇంజిన్ పెట్టగా పుట్టినది. తర్వాత మా బండికి జనగామ ఉస్తాద్ చేసిన పని కంపెనీ ముందే చేసింది. ఆ సంగతి నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. అప్పుడు ఉస్తాద్ మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఆ పెట్రోలు ఇంజిన్ చాలా మెత్తగా నడిచేది. మా ఇంటి ముందు స్టార్ట్ చేసి పెడితే, లోపల పడుకున్న ముసలివాళ్లకు కూడా ఇబ్బంది అయ్యేది కాదు. కానీ తాగుడు ఎక్కువ. బరువు వేస్తే లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు వస్తే గొప్ప. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు ధర ఎక్కుతూనే పోయింది. రైతుల కోసం, లారీల కోసం ప్రభుత్వం డీజిలును చవకగా ఉంచింది. ఆ రోజుల్లో డీజిలు పెట్రోలు ధరలో సగం దరిదాపుల్లో దొరికేది. కిరాయి బండి నడిపేవాడికి ఈ ఒక్క తేడాతోనే ఇల్లు నడవడమా, మునగడమా అన్నది తేలిపోయేది. పెట్రోలు బంకు నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ చిన్నాయిన ముఖం చూస్తే ఆ నెల లెక్క మాకు అర్థమయ్యేది.

చివరకు డీజిలుకు మార్చాలని తేల్చుకున్నాడు. ఏ ఇంజిన్ వేయాలన్నదే మొదటి ప్రశ్న. ట్రాక్టర్ ఇంజిన్ చవకగా దొరుకుతుంది, దానికి సామాను కూడా ఎక్కడైనా దొరుకుతుంది. చిన్నాయిన మనసు దాని మీదనే ఉండె. ఉస్తాద్ షెడ్డు నేల మీద సుద్దముక్కతో లెక్క వేసి చూపించాడు. ఆ లెక్క నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది. జీపు క్రౌన్ పినియన్ లెక్క 5.38. అంటే టాప్ గేరులో ఇంజిన్ 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. చక్రం ఒక్క చుట్టుకు బండి సుమారు 2.2 మీటర్లు పోతుంది. ట్రాక్టర్ ఇంజిన్ నిమిషానికి 2000 చుట్ల దగ్గర ఆగిపోతుంది. గుణిస్తే గంటకు 49 కిలోమీటర్లు, అది కూడా ఇంజిన్ మొత్తం అరుస్తుంటే. అదే 4000 చుట్లు తిరిగే ఇంజిన్ అయితే 98.

"అన్నా, ట్రాక్టర్ ఇంజిన్ గుంజుతది, కాదంటలేను. గని దున్నేటందుకు చేసిన్రు దాన్ని, ఉరికేటందుకు గాదు. మీరు వరంగల్ పోవాలె, మళ్ల రావాలె. మ్యాటడోర్‌ది చూడున్రి" అన్నాడు ఉస్తాద్.

మ్యాటడోర్ అంటే పుణె బజాజ్ టెంపో కంపెనీ వ్యాను. పాల క్యాన్లు మోసినవి, పెండ్లి బృందాలను మోసినవి, బ్యాండు మేళాలను మోసినవి అవే. వాటిల్లో వచ్చిన డీజిలు ఇంజిన్ అసలు మెర్సిడిస్‌ది, ఓఎం 616, 2.4 లీటర్లు. 1973 నుంచి జర్మనీలో 240డీ కార్లలో నడిచిన ఇంజిన్. అక్కడి టాక్సీ డ్రైవర్లు దాన్ని ఏండ్లకేండ్లు తిప్పారు. లైసెన్సు మీద మన దేశంలో తయారై, వ్యానుల్లోకీ తర్వాత ట్రాక్స్ జీపుల్లోకీ వచ్చింది. యాక్సిడెంటైన ఒక మ్యాటడోర్ ఇంజిన్ విజయవాడ ఆటోనగర్‌లో దొరికింది. ఏ బండి సామానైనా, ఏ కాలం ఇంజినైనా దొరికే చోటని ఆటోనగర్‌కు అప్పటికే పేరు. లారీలో వరి గడ్డి పరిచి, గోనె సంచులు కప్పి తెచ్చారు. షెడ్డు ముందర దించినప్పుడు అది నల్లగా, జీపు ఇంజిన్ కన్నా చాలా బరువుగా ఉండె. ఇది ఆ బానెట్టు కింద పడుతదా అని నలుగురూ నిలబడి చూశారు.

పట్టడం కాదు అసలు కష్టం, కలపడం. మ్యాటడోర్ ఇంజిన్‌కు వెనక ఉండే బోల్టు రంధ్రాలు వేరు, జీపు గేరుబాక్సు బెల్ హౌసింగ్ రంధ్రాలు వేరు. రెండింటి నడుమ ఒక ఇనుప పలక పెట్టాలి. ఆ పలక ఎట్ల తయారవుతుందో నేను దగ్గర కూర్చుని చూశాను. ఉస్తాద్ మొదట బెల్ హౌసింగ్ అంచుకు నల్ల గ్రీజు పల్చగా పూసి, ఒక దళసరి అట్టను దాని మీద పెట్టి అరచేతితో అద్దాడు. అంచు, ప్రతి రంధ్రం అట్ట మీద దిగింది. ఇంజిన్ వెనక భాగానికీ అట్లనే ఇంకో అట్ట. రెండు అట్టల నడిమి బిందువులను ఒకదాని మీద ఒకటి కలిపి, మేకు గుచ్చి, తిప్పి తిప్పి చూశాడు. స్టార్టర్ మోటారు ఏ దిక్కుకు రావాలి, సంపు ముందు యాక్సిల్‌కు తగలకుండా ఇంజిన్ ఎంత పక్కకు వంగాలి, అన్నీ అక్కడనే, ఆ అట్టల మీదనే తేల్చుకున్నాడు. ఆ తర్వాతే అర అంగుళం మందం పలకను గ్యాస్ కట్టింగ్‌తో కోయించి లేతు మిషిన్‌కు పంపాడు.

పలక బిగించాక నడిమి సరిగ్గా వచ్చిందా లేదా చూడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్ ప్లేటు పగులుతుంది, గేర్లు జారిపోతాయి, బుష్ అరిగిపోతుంది. డయల్ గేజ్ లాంటివి ఆ షెడ్డులో లేవు. ఫ్లైవీల్‌కు ఒక వంచిన తీగ బిగించి, దాని కొన హౌసింగ్ రంధ్రం అంచును తాకీ తాకనట్టు పెట్టి, చేత్తో ఫ్లైవీల్‌ను మెల్లగా తిప్పాడు. తీగ కొన ఒక దిక్కు గీసుకుంటూ, ఇంకో దిక్కు ఎడంగా పోయింది. పలక ఊడదీశాడు. ఆకురాయి పట్టి మళ్లీ బిగించాడు. మళ్లీ తిప్పాడు. సాయంత్రం దాకా అదే పని. చుట్టూరా ఒకే సందు వచ్చాక రెండు దిక్కులా పిన్నులు కొట్టి, ఇగ ఇది కదలదు అన్నాడు. క్లచ్ ప్లేటు అంచు మ్యాటడోర్‌ది, నడిమి గుబ్బ జీపుది, రెండూ రివిట్లతో ఒక్కటయ్యాయి. క్రాంకు కొనలో జీపు షాఫ్టు ముక్కు కూర్చునేందుకు గన్‌మెటల్ బుష్ లేతు మీద చేయించాడు.

మిగతా పనులు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి. ముందు కమాన్ పట్టీలకు ఒక పట్టీ కలిపారు, లేకపోతే ఆ బరువుకు ముక్కు కిందికి వంగుతుంది. ఫౌండేషన్లు కొత్తగా వెల్డింగ్ చేశారు. సైలెన్సర్ పైపు స్టీరింగ్ కడ్డీకి తగులుతుంటే వంచి కిందికి దించారు. రేడియేటర్‌కు ఇంకో వరుస గొట్టాలు వేయించారు. డీజిలు ఇంజిన్‌కు నాజిళ్ల దగ్గర మిగిలిన నూనె మళ్లీ ట్యాంకులోకి రావాలి. ఆ పైపు పెట్రోలు ట్యాంకుకు ఉండదు. జీపులో ట్యాంకు డ్రైవర్ సీటు కిందనే ఉంటుంది. దాన్ని విప్పి, ఎండబెట్టి, నిండా నీళ్లు పోసి, పైన కొంచెం జాగా మాత్రం వదిలి, అక్కడ పైపు అతికించారు. లోపల పెట్రోలు ఆవిరి మిగిలితే ట్యాంకు బాంబు అవుతుందని, ఆ పని జరుగుతున్నంతసేపూ మమ్మల్ని రోడ్డు అవతల నిలబెట్టాడు ఉస్తాద్.

స్టార్ట్ చేసిన రోజు. డీజిలు పంపు మీది చేతి పంపు కొట్టి గాలి తీశారు, పైపు నట్టు వదులు చేస్తే నురగలు వచ్చి వచ్చి, చివరకు శుభ్రంగా డీజిలు కారింది. హీటర్ మీట తిప్పితే డ్యాష్‌బోర్డు మీద చిన్న రంధ్రాల వెనక తీగ మెల్లగా ఎర్రబడింది. సెల్ఫ్ కొట్టాడు. ఒకసారి తెల్ల పొగ, రెండోసారి నల్ల పొగ, మూడోసారి ఇంజిన్ అందుకుంది. జీపంతా వణికింది. గేరు రాడ్డు దానంతట అదే ఊగుతోంది. అద్దంలో ఏ ముఖమూ నిలబడలేదు. ఉస్తాద్ బానెట్టు మీద చెయ్యి పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత చిన్నాయిన దిక్కు తిరిగి "తీస్కపోన్రి" అని ఒక్క మాటే అన్నాడు.

ఆ బండి మాకు ఎంతో చేసింది. పత్తి సీజన్‌లో ఊపిరాడకుండా బోరాలు వేసుకుని వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోయేది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలు కొమురవెల్లి మల్లన్న జాతరకు, రెండేండ్లకోసారి మేడారానికి, బంగారం అని పిలిచే బెల్లం బుట్టలతో, కోళ్లతో, పిల్లాజెల్లాతో పోయేది. నొప్పులు పడే ఆడబిడ్డలను రాత్రిపూట వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి చేర్చింది. అట్ల పోయినప్పుడు చిన్నాయిన కిరాయి అడిగేవాడు కాదు, డీజిలు పైసలు ఇచ్చినవాళ్ల దగ్గర తీసుకునేవాడు. పెట్రోలు మీద అయితే ఆ మంచితనం ఆయనకు సాధ్యమయ్యేది కాదు. లీటరుకు పదకొండు, పన్నెండు కిలోమీటర్లు రావడం, ఆ లీటరు సగం ధరకే రావడం, దాని వల్లనే ఒక మనిషికి దయగా ఉండే వీలు చిక్కింది. నేను దీన్ని చిన్న విషయం అనుకోను.

చెప్పాల్సిన ఇంకో మాట బ్రేకుల గురించి. ఇంజిన్ మారింది, బరువు పెరిగింది, మోసే లోడు పెరిగింది. బ్రేకులు మాత్రం ఆ పాత జీపువే. మా చుట్టుపక్కల అట్లాంటి బండ్లు దిగుడులో ఆగక జరిగిన ప్రమాదాలు ఉన్నాయి. మనుషులు పోయారు. పాత చట్టంలో రిజిస్ట్రేషన్ అధికారి అనుమతితో ఇట్లాంటి మార్పులు చేయించుకుని ఆర్‌సీలో రాయించుకునే వీలుండేది. 2000 సంవత్సరంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను సవరించి, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదన్నారు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. ప్రాణాల సంగతి చూస్తే అది సరైన నిర్ణయమే. అయితే పనితనం తెలిసిన ఉస్తాద్‌నూ, ఏదో ఒకటి అతికించి పంపే మనిషినీ వేరు చేసి చూసే ఏర్పాటు ఏదీ ముందు నుంచీ లేకపోవడం మాత్రం మన లోపం. బ్రేకులు, స్టీరింగ్, చాసిస్ పరీక్షించి ముద్ర వేసే పద్ధతి ఒకటి ఉంటే ఆ ప్రాణాలూ నిలిచేవి, ఆ విద్యా నిలిచేది.

అమెరికాలో ఇదే పని ఇప్పటికీ కళకళలాడుతోంది. షెవ్రోలె పాత పికప్పులకు, 1997లో కార్వెట్ కారుతో మొదలైన ఎల్‌ఎస్ కుటుంబం ఇంజిన్లు బిగించుకుంటారు. వాళ్లకు పలకలు, ఫౌండేషన్లు, వైర్లు అన్నీ పెట్టెలో కట్టి అమ్మే కంపెనీలున్నాయి. వాళ్లు ఎక్కువగా శక్తి కోసం, ముచ్చట కోసం చేస్తారు. మన దగ్గర పొట్ట కోసం చేశారు. పెట్టెలో వచ్చేది ఏదీ లేదు, ప్రతి పలకా ఒక్కొక్క బండికి కొత్తగా పుట్టాలి.

పోవడం మాత్రం తొందరగానే పోయింది. కమాండర్ జీపులు, ట్రాక్స్‌లు కంపెనీ నుంచే డీజిలు ఇంజిన్లతో వచ్చాయి. 2005లో టాటా ఏస్ వచ్చింది, ఆ వెనకే బొలేరో పికప్పులు ఊరూరా నిండాయి. ఫైనాన్సు దొరికితే పాతదాన్ని బాగు చేయించుకునే అవసరం ఎవరికి? 2014 అక్టోబర్‌లో డీజిలు ధర మీద ప్రభుత్వం చెయ్యి తీసేశాక పెట్రోలుకూ దానికీ ఉన్న తేడా కూడా చాలావరకు తగ్గిపోయింది. మా రోడ్డు నాలుగు వరుసలైంది, 202 నంబరు పోయి 163 అయింది, కోమళ్ల దగ్గర టోల్ గేటు వచ్చింది. జనగామ 2016లో జిల్లా అయింది. చిన్నాయిన జీపు అంతకు చాలా ముందే తూకానికి పోయింది. ఇంజిన్‌ను మాత్రం ఎవరో బోరు బావికి జనరేటర్ తిప్పేందుకు కొనుక్కపోయారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది జీపు కాదు, ఆ అట్టలు. ఉస్తాద్ చేసిన ప్రతి పలక నమూనా అట్టను పారేయకుండా షెడ్డు వెనక గోడకు మేకులు కొట్టి తగిలించేవాడు. మ్యాటడోర్ నుంచి జీపుకు, ట్రాక్టర్ నుంచి జీపుకు, వేరే డీజిలు నుంచి అంబాసిడర్‌కు. గ్రీజు మరకల అట్టల మీద బొగ్గుతో రెండు మాటలు, ఒక అంకె. ఇంకో మెకానిక్ వస్తే దించి ఇచ్చేవాడు, పైసలు తీసుకోకపోయేది. మా జిల్లా మొత్తంలో ఏ ఇంజిన్ ఏ బండికి కలిసిందో చెప్పే పుస్తకం అంటూ ఉంటే ఆ గోడే. రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డు తీసేశారు. ఉస్తాద్ అప్పటికే పెద్దవాడయ్యాడు, కొడుకులు వేరే పనుల్లోకి పోయారు. అట్టలు ఎటు పోయాయో చెప్పగలవాళ్లు దొరకలేదు. నేను అడగడానికి పోయేసరికి ఆయన లేడు.

మీ ఇంట్లో పాత ఆర్‌సీ పుస్తకం ఉంటే ఒకసారి తీసి చూడండి. ఇంధనం దగ్గర పెట్రోలు కొట్టేసి డీజిలు అని రాసి ఉంటే, ఇంజిన్ నంబరు ఎర్ర సిరాతో మార్చి ఉంటే, ఆ పని ఏ ఊళ్లో, ఏ షెడ్డులో, ఎవరి చేతుల మీద జరిగిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. ఆ పని చేసిన ఉస్తాద్ ఇంకా ఉన్నాడని తెలిస్తే ఈ వారంలోనే పోయి కలవండి, ఆయన చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి, గోడకు ఒక్క అట్ట మిగిలి ఉన్నా ఫోటో తీసి ఉంచండి.